చేటకు పరీక్ష

గరిటెకైనా చీపురుకైనా సాఫ్ట్‌వేర్‌కు చేసినట్టే పరీక్షలు చేసి, ముద్ర వేయనిదే సంతలో అమ్మనివ్వని రోజులు వచ్చాయి. విజయనగరం కేంద్రంలో పరీక్షకురాలు వకుళ. మర్నాటి సంత కోసం గవరమ్మ అల్లి తెచ్చిన వెదురు చేటను యంత్రం మేడ మీంచి పడేసింది, తిరగేసి తొక్కింది, చివరికి నీళ్లు పోసింది. నీళ్లన్నీ కారిపోయాయి. తెరమీద "విఫలం" అని వచ్చింది.

"సేటలో నీళ్లెవులు పోత్తారమ్మా?" అంది గవరమ్మ.

"ఎవరో ఒకరు పోస్తారనే మా భయం," అంది వకుళ.

"మరి బియ్యం సెరిగి సూసినారేటి?"

వకుళ జాబితా అంతా వెతికింది. రెండువందల పరీక్షల్లో అదొక్కటీ లేదు. సిగ్గుపడి, క్యాంటీన్ నుంచి ఇంకా ఊక తీయని దంపుడు బియ్యం తెప్పించి తానే చెరిగింది. ఊక చేటలో మిగిలింది, బియ్యం నేలపాలయ్యాయి.

గవరమ్మ నవ్వుతూ వెనక నిలబడి ఆమె మణికట్లు పట్టుకుంది. "ఎగరేసి, కాసింత ఎనక్కి లాగాల."

నాలుగోసారికి ఊక ఎగిరిపోయి, బియ్యం చేటలో కుదురుగా నిలిచాయి.

వకుళ ముద్ర వేసి, నివేదికలో స్వయంగా రాసింది: "లోపం పరీక్షకురాలి చేతుల్లో ఉంది. సవరించినవారు గవరమ్మ గారు."