రెండు నుంచి నాలుగు దాకా

పాట మళ్ళీ మొదలైంది!

ఎసావ్ టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి లేచాడు. మధ్యాహ్నం రెండున్నర. రెండు నుంచి నాలుగు దాకా ఈ నది ఒడ్డు సెలవుల క్యాంపులో చప్పుడు చెయ్యకూడదని గేటు దగ్గర ఇంతేసి అక్షరాలతో బోర్డు పెట్టారు. అందరికీ కనబడే ఆ బోర్డు పక్క డేరా రషీదాకి మాత్రం కనబడదు కాబోలు!

"పోనీలే ఎసావ్," లోపల్నుంచి భార్య విల్మా అంది. "స్కూలు సెలవులు. పాటలు పెట్టుకోనీ."

"నువ్వు పడుకో. నేను చూసుకుంటాగా."

రెండు డేరాలకీ మధ్య ఆరడుగులు కూడా లేదు. ఎంత కోపమొచ్చినా ఎసావ్ వాళ్ళ తాళ్ళు దాటలేదు. పిలవందే ఇంకొకరి డేరా తాళ్ళు దాటడం అక్కడ తప్పు. గుడ్డ గోడలోంచి విన్నది బయట అనడం అంతకన్నా తప్పు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ రెండు మర్యాదలూ నూరిపోసేది ఏటా ఇక్కడికొచ్చే ఎసావే.

"ఏమ్మా రషీదా! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

మోగుతున్న పాటల పెట్టె పక్కన బంగాళాదుంపలు తరుగుతున్న రషీదా లేచి నిలబడింది. "సారీ అంకుల్."

"నిన్నా సారీయే, మొన్నా సారీయే. అన్నీ కలిపి దండ గుచ్చి మెళ్ళో వేసుకో! లోపల నా భార్యకి కంటి మీద కునుకు లేదు."

"ఇంకొక్క పదినిమిషాలు, అంకుల్. తగ్గించేస్తాను." ఆమె అతని వంక చూడటంలేదు. అతని వెనక ఎటో చూస్తోంది.

"మనిషితో మాట్లాడేటప్పుడు మొహం చూసి మాట్లాడాలి!"

విసురుగా వెనక్కి తిరిగాడు. తన డేరా కిటికీకి పసుపు తువ్వాలు వేలాడుతోంది. తీగ ఉండగా కిటికీకి ఆరేయడమేమిటి! చూసినవాళ్ళు ఏమనుకుంటారు? తువ్వాలు లాక్కుని లోపలికి నడిచాడు. అటు పాట టక్కున ఆగింది.

"చూశావా, ఒక్క కేకకి నోరు మూసింది," అన్నాడు గర్వంగా.

విల్మా అటు తిరిగి పడుకుని ఉంది. నుదుటి నిండా చెమట. కింది పెదవి మీద నెత్తురు చుక్క.

"ఇదేమిటి?"

"నది గాలికి పెదవి పగిలింది."

"నొప్పిగా ఉందా?"

"లేదులే. మందు వేసుకున్నాగా. నువ్వెళ్ళి బయట కూర్చో."

రోగం ఎముకల్లోకి పాకింది, ఇక వారాలే అని డాక్టర్ చెప్పేశాడు. ఆస్పత్రి వద్దు, నది ఒడ్డున పడుకుంటానంటే తీసుకొచ్చాడు. ఈ నాలుగు రోజులైనా ఆమె ప్రశాంతంగా నిద్రపోవాలి. పాపం, అతనికి ఇంకో కోరికే లేదు.

మర్నాడు సరిగ్గా అదే వేళకి పాట మళ్ళీ అందుకుంది. ఈసారి ఇంకా గట్టిగా. ఎసావ్ మాటలు దండగనుకుని తిన్నగా మేనేజర్ ఫ్లూర్స్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

"రెండుసార్లు చెప్పాను నీకు," అన్నాడు ఫ్లూర్స్. "మూడోసారి అంటే ఖాళీ చెయ్యడమే. రూలు నీకూ తెలుసు. ఏదైనా కారణముంటే చెప్పు, వింటాను."

రషీదా పాట ఆపింది. ఒక్కసారి ఎసావ్ డేరా వైపు చూసి తల దించుకుంది.

"ఏం లేదు సార్. మాకు పాటలంటే ఇష్టం, అంతే."

"చెప్పవే పిల్లా!" ఆమె అత్తగారు చెయ్యి పట్టుకుని గుంజింది. "ఏడాదంతా చేపల ఫ్యాక్టరీలో నిలబడి దాచుకున్న సెలవు ఇది. నోరు తెరిచి చెప్పవే!"

"మీరు ఊరుకోండి అత్తయ్యా."

అంతే. మేకులు ఊడదీయడం మొదలైంది. ఇంకా మూడు రోజులుందిగా అమ్మా, అని రషీదా చిన్న కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎసావ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"మర్యాద తెలియనివాళ్ళకి ఇదే శాస్తి," అన్నాడు, వాళ్ళకి వినబడేలాగే.

మూడున్నరయ్యేసరికి పక్కన పచ్చిక నొక్కుకుపోయిన గుర్తు తప్ప ఏమీ మిగల్లేదు. నది చప్పుడు వినబడుతోంది. ఎసావ్ డేరా గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు.

"ఇక హాయిగా నిద్రపో విల్మా!"

నిద్రపట్టేసిందనుకుని సంతోషించాడు.

సామాను ఎక్కించుకున్న వ్యాను కదిలి, అతని ముందుకొచ్చి ఆగింది. రషీదా దిగింది. చేతిలో ఆ పాటల పెట్టె. తాళ్ళకి అవతలే నిలబడింది.

"రావచ్చా, అంకుల్?"

"అక్కణ్ణుంచే చెప్పు. తిడతావా? తిట్టుకో."

రషీదా పెట్టెని తాళ్ళ మీంచి అతని చేతికి అందించింది. అర్థంకాక పుచ్చుకున్నాడు.

"చెప్పనని ఆంటీకి మాటిచ్చాను. కానీ పక్కన ఇంకెవరూ లేరు, ఇక ఈ పని మీరే చెయ్యాలి."

"ఏం పని?"

ఆమె కిటికీ వైపు చూపించింది. పసుపు తువ్వాలు మళ్ళీ వేలాడుతోంది.

"అది కనబడినప్పుడల్లా పాట గట్టిగా పెట్టండి, అంకుల్. ఆంటీ మూలుగు మీ చెవిన పడకూడదట."