ఆ వీధి మాత్రం వద్దు

“ఒరేయ్ ఎండుచేపా! మళ్ళీ తగలడ్డావా నా గుమ్మం ముందు?”

రొట్టెల కొట్టులోంచి వచ్చిన ఆ కేకకు పర్యాటకులంతా ఉలిక్కిపడ్డారు. గుంపు చివర్న నిలబడ్డ లొరెదానా మాత్రం పెదవి బిగించింది. ఫిర్యాదుల్లో రాసింది అక్షరాలా నిజమే అన్నమాట.

ఇటలీలోని గుబ్బియో పాత ఊరిని నడిపించి చూపించే సంస్థకు ఆమె మేనేజరు. వసంతంలోనే అంకోనా నుంచి వచ్చి చేరింది. గైడు ఒలిందో మీద వరసగా ఫిర్యాదులు వస్తుంటే, సంగతేమిటో కళ్ళారా చూద్దామని ఇవాళ తనూ గుంపుతో కలిసి నడిచింది. ఇప్పటిదాకా వంక పెట్టడానికి లేదు. ఈ వీధి మలుపు తిరిగాకే మనిషి మారిపోయాడు.

ఒలిందోకు యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కేక విననట్టే, కొట్టు పక్క గోడలో రాళ్ళతో మూసేసి ఉన్న ఇరుకు తలుపు చూపించాడు.

“దీన్ని చావు తలుపంటారు. ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని ఇందులోంచి దాటించి, మళ్ళీ మూసేసేవాళ్ళట.” కొట్టులోకి వినబడేలా గొంతు పెంచాడు. “ఈ పక్కన రొట్టెలు కొనుక్కుని తిన్నవాళ్ళని ఇప్పటికీ ఇందులోంచే మోసుకెళ్తారు.”

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కొట్టు యజమాని ఎవారిస్తో మోచేతుల దాకా పిండితో, ఒక కాలు ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

“నా రొట్టెకి పేరు పెడతావా? ముందు ఆ దగ్గు సంగతి చూసుకోరా! మెట్లెక్కుతుంటే ఊరంతా వినబడుతోంది. ఈ చలికాలం దాటవు నువ్వు!”

“నువ్వు దాటతావేం? మోకాలికి ఆపరేషనంటే మంచం కింద దూరే పిరికి సన్నాసివి! ఇంకో ఏడాదికి పాకుతావు, చూస్తూ ఉండు!”

“పాకితే నీ సమాధి దాకా పాకి, దాని మీద ఉమ్మేసి వస్తా! ఒంటిమీద ఆ కోటేంట్రా, చిరిగిన దోమతెరలాగా? అడుక్కుతినేవాడు కూడా నీకంటే నయం!”

“అడుక్కోవాల్సి వస్తే నీ గుమ్మం తప్ప అన్ని గుమ్మాలూ తొక్కుతానులే!”

ఎవారిస్తో ముఖం జేవురించింది. విసురుగా లోపలికి తిరిగాడు. మరుక్షణం కాగితం చుట్టిన వేడి రొట్టె ఒకటి దూసుకొచ్చి ఒలిందో ఛాతీకి తగిలింది. మిలానో నుంచి వచ్చిన ముసలాయన భార్య చెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగాడు.

“దీన్ని కుక్కలు కూడా ముట్టవు!” అని అరిచి, రొట్టెను సంచిలో కుక్కుకున్నాడు ఒలిందో.

లొరెదానా ముందుకు ఉరకబోయింది. ఎదురింటి కిటికీలో బఠాణీలు ఒలుచుకుంటున్న పెద్దావిడ తలైనా ఎత్తకుండా అంది: “నువ్వు మధ్యలోకి వెళ్ళకమ్మాయ్. వాళ్ళ గొడవ వాళ్ళది.”

నడక ముగిసి అందరూ వెళ్ళిపోయాక, లొరెదానా కూడలిలోనే ఒలిందోను నిలదీసింది.

“కుంటుతున్న మనిషిని పట్టుకుని అంత మాటంటారా? సిగ్గుగా లేదూ?”

“ఆయన నన్ననలేదా?”

“ఆయన కేకేస్తే పట్టించుకోకుండా సాగిపోవాల్సింది మీరు. కావాలనే రెచ్చగొట్టారు, నేను చూశాను. రేపట్నించి ఆ వీధిలోకి వెళ్ళడానికి వీల్లేదు.”

“ఆ తలుపు చూపించాలిగా!”

“అలాంటి తలుపులు ఈ ఊళ్ళో వీధికొకటి ఉన్నాయి. ఇంకోటి చూపించండి.”

“నిన్నగాక మొన్న వచ్చి ఏ వీధిలో నడవాలో మీరు నాకు చెప్తారా?”

“చెప్తాను. నచ్చకపోతే ఆ మెడలో గైడు బిళ్ళ తీసి ఇక్కడ పెట్టి వెళ్ళండి.”

ఒలిందో బిళ్ళను గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ఏదో అనబోతే దగ్గు తెర అడ్డొచ్చింది. అది తగ్గాక, “సరే, వెళ్ళను. ఆయనకు జవాబు మాత్రం మీరే చెప్పుకోండి” అని విసవిసా వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఒక్క ఫిర్యాదూ రాలేదు. తను చేసిన పని లొరెదానాకే ముచ్చటగా అనిపించింది. అయిదో రోజు పొద్దున్నే ఆఫీసు తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎవారిస్తో! కొట్టు బట్టల్లోనే వచ్చేశాడు. ఆ కుంటి కాలితోనే ఆఫీసు మెట్లన్నీ ఎక్కి వచ్చాడు.

“ఏడీ వాడు?” అన్నాడు బల్ల మీద గుద్ది.

లొరెదానా కంగారుగా లేచి నిలబడింది. “కూర్చోండి. జరిగినదానికి సంస్థ తరఫున నేను క్షమాపణ చెప్తున్నాను. ఇక ఆయన మీ వీధిలో అడుగుపెట్టడు. ఆ ఏర్పాటు చేసింది నేనే.”

“ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?”

“అదేమిటి? నడివీధిలో అంతంత మాటలనుకుంటున్నారు…”

“అనుకుంటాం! మీకేం నొప్పి? జబ్బు పడ్డాడో, ఉన్నాడో పోయాడో తెలియక నాలుగు రోజులుగా గుమ్మంలోనే నిలబడ్డాను. రొట్టెలు మాడి బొగ్గయ్యాయి.”

“ఆయనకేం కాలేదు. బాగానే ఉన్నాడు.”

ఎవారిస్తో కుర్చీలో కూలబడ్డాడు. పిండి చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

“ఒకరింటికి ఒకరం వెళ్ళి ఏళ్ళయింది. మంచిమాట అనుకునే దారి ఎప్పుడో మూసేసుకున్నాం. ఆ తిట్లు మిగిలాయి. అవి కూడా లేకుండా చేశారు మీరు.”

లొరెదానాకు అయోమయంగా ఉంది. “అసలు ఆయన మీకేమవుతాడు?” అంది.

అతను తల దించుకున్నాడు.

“తోడబుట్టినవాడమ్మా.”