ఇరవైకి ఇరవై

"ట్వంటీ! లాస్ట్‌ది కూడా డౌన్!"

హెడ్‌సెట్‌లో ఆ కేక వినగానే తేజేశ్వర్ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. నెవాడా ఎడారిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇరవయ్యో డ్రోను మండుతూ ఇసుకలో పడింది. ఇరవై డ్రోన్లకి ఇరవై మిసైళ్లు. ఒక్కటీ గురి తప్పలేదు. ఈ రక్షణ వ్యవస్థ కోసం అతను పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. ఇవాళ్టి పరీక్షలో ఓడితే ఆర్మీ దాన్ని పక్కన పెట్టేస్తుంది.

డ్రోన్లు పంపింది షాంటిలీ అనే ఊళ్లో ఓ చిన్న కంపెనీ. దాని ఇంజనీరు నిధికి పాతికేళ్లుంటాయి. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. పక్క టెంట్‌లో లాప్‌టాప్ ముందు ఒక్కతే కూర్చుని ఉంటే తేజేశ్వర్‌కి జాలేసింది.

"బాధపడకమ్మా. ఫస్ట్ టైమ్‌కి బాగానే చేశావ్."

"థాంక్స్ అంకుల్. ఇంకా ఎన్ని మిసైల్స్ ఉన్నాయ్ మీకు?"

"అన్నీ అయిపోయాయి. రీలోడ్ చేయడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఎందుకూ?"

"అవి జస్ట్ ప్లైవుడ్ డమ్మీస్ అంకుల్," అంది నిధి కొంచెం మొహమాటంగా. "మా అటాక్ ఇప్పుడు స్టార్ట్."

మీట నొక్కింది. గుట్ట వెనక నుంచి తేనెటీగల రొదలాంటి మోత లేచింది. తేజేశ్వర్ తన లాంచర్ వైపు పరుగెత్తాడు. కానీ ఏం పేలుస్తాడు? మొదటి డ్రోను రాడార్ మీద, బాంబుకి బదులు, ఎర్రరంగు పొట్లం పగలగొట్టింది. రెండోది లాంచర్ మీద. నాలుగు నిమిషాల్లో అతని పద్దెనిమిదేళ్ల కష్టం హోలీ ఆడినట్టు తయారైంది.

కోపం రావాలి. రాలేదు. కాలి దగ్గర పడిన డమ్మీ రెక్క ఒకటి తీసి చూశాడు. అట్టముక్కలా తేలిగ్గా ఉంది. జిగురు మరకలు కూడా ఆరినట్టు లేవు. ఇన్నేళ్లూ తను ఎలా కొట్టాలా అని ఆలోచించాడు. ఈ పిల్ల తన చేత ఎలా కొట్టించాలా అని ఆలోచించింది! వెనకే వచ్చిన నిధిని చూసి నవ్వొచ్చేసింది.

"ఏం దెబ్బ కొట్టావమ్మా! నా సర్వీసులో ఇంత అందంగా ఎవరూ ఓడించలేదు నన్ను."

ఇంతలో పరీక్ష చూడ్డానికొచ్చిన ఆర్మీ కల్నల్ వార్నర్ గబగబా నిధి దగ్గరికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"రేపు యుద్ధమే వస్తే, వీటిని ఆపడానికి శత్రువు ముందు మీ ఫ్యాక్టరీ మీదే బాంబు వేస్తాడు. అదెక్కడుంది? ఈ డమ్మీలు బిగించిన పనివాళ్లెవరు?"

నిధి తేజేశ్వర్ వైపు వంగి, గొంతు తగ్గించి తెలుగులో అడిగింది.

"అంకుల్, ఇవన్నీ మా గ్యారేజ్‌లో అతికించింది మా అమ్మమ్మ భజన గ్రూప్. ఈయనకి ఎలా చెప్పను?"