రెండో డోసు

"రెండో డోసు సర్టిఫికెట్టు సూపించండి," అన్నాడు నోయెల్, చర్చి గేటుకు అడ్డంగా నిలబడి.

ఇందుమతి తనది చూపించింది. కూతురు జెరూషా తనది చూపించింది.

"మరి మావయ్యది?"

ఇందుమతి తల దించుకుంది. "ఆయనకి ఒక్కటే పడింది బాబూ. రెండోదానికి గడువు రాలేదు."

"అయితే లోపలికి కుదరదత్తా."

జేకేపూర్ కాలనీ నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ఇందుమతి భర్త ఎలీయాజరుకు పెళ్లినాటి కోటు వేశారు. బొత్తాలు జెరూషాయే పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఆ చర్చిలో ముందు వరుస ఆయనదే. కరోనా టీకా రెండు డోసులు లేనివాళ్లు గడప తొక్కకూడదని బల్లగుద్ది తీర్మానం చేయించిందీ ఆయనే. ఎవరికీ మినహాయింపు లేదని ఆ రోజు గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. తనకూ రెండోది పడేదాకా గేటు బయటే కాపలా కాస్తానన్నాడు. ఇవాళ మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

"ఈ ఒక్కపాలికి ఒగ్గీ బాబూ. మరెప్పుడూ అడగను," అంది ఇందుమతి.

"అందరూ అదే మాటంతారత్తా. మావయ్య పెట్టిన రూలు మావయ్యకే తప్పిస్తే ఆయనకి సిన్నతనం కాదేటి?"

ఎంత గౌరవం!

జెరూషాకు ఒళ్లు మండింది. "మా నాన్న దగ్గడు, తుమ్మడు. ఎవరి పక్కనా కూకోడు. ఆయన వల్ల ఎవరికేటయిపోద్ది?"

"నిజమే అమ్మీ. కానీ రూల్లో దగ్గినోళ్లు, దగ్గనోళ్లు అని లేదు కదా. అందరూ అనుంది."

గొడవ విని పాస్టరుగారు బయటికి వచ్చారు. రూలునూ ప్రేమనూ పక్కపక్కన పెట్టి ఆలోచించారు. రూలు కాగితం మీద ఉంది. ప్రేమ గురించి ఎవరూ తీర్మానం చేయలేదు.

"ఆ రేకుల పందిరి కింద ఉంచండి. మైకు పెంచుతాం. అన్నీ వినబడతాయి," అని తేల్చారు.

ఎంత దయగల ఏర్పాటని పెద్దలంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుని, లోపలికెళ్లి ఫ్యాన్ల కింద కూర్చున్నారు.

ఇందుమతి వెళ్లలేదు. భర్త పక్కనే కటిక నేల మీద చతికిలబడి, కొంగుతో ఈగలు తోలసాగింది.

కాసేపటికి గంగయ్య వచ్చాడు. సూది అంటే భయపడి ఒక్క డోసూ వేయించుకోని మనిషి. క్రితం వారం ఆయన్ని ఇదే గేటు దగ్గర నలుగురిలో చెడామడా తిట్టి పంపింది ఎలీయాజరే.

"సూసేవా మావా, ఇద్దరం బయటోళ్లమే అయిపోనాం," అన్నాడు గంగయ్య. నవ్వబోయి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఎలీయాజరు లాంటి క్రమశిక్షణ గల పెద్ద ఏ సంఘానికీ దొరకడని పాస్టరుగారు మైకులో పొగిడారు. లోపల అందరూ ఆమెన్ అన్నారు. బయట ఇందుమతి ఆయన కోటు కాలరు సరిచేసింది.

చివరి పాట ఆగగానే గంగయ్య మరో ముగ్గురిని పిలిచి, ఎలీయాజరు శవపెట్టెకు మూత వేసి మేకులు దిగగొట్టి, సమాధుల తోటకు మోసుకుపోయాడు.