బి ఉండాల్సిన కాడ డి

“జల్దీ చూడు సంతోష్, జనం లైన్ల నిలవడ్డరు,” అన్నడు మండలాఫీసు సారు. కంప్యూటర్లు బాగుచేసే నన్ను సారపాక సంది పిలిపించిందే అందుకు.

ఆ ఆఫీసు కంప్యూటర్లకు సొంత హార్డ్ డిస్కులు లేవు. పొద్దున స్విచ్ వేస్తే సర్వరే వైరు మీద అన్నిటికీ విండోస్ పంపాలె. ప్రతి మిషిన్‌కు అక్షరాలు, అంకెలు కలిసిన ఒక అడ్రసు ఉంటది; అది సర్వర్ జాబితాల లేకుంటే పంపదు. కొత్త మిషిన్‌ల విండోస్ వస్తలేదు.

వైరు మార్చిన, రాలే. జాబితా తెరిచి, మిషిన్ వెనక అంటించిన అడ్రసు చీటీతోని ఒక్కొక్క అక్షరం సరిచూసిన. ‘బి’ ఉండాల్సిన కాడ ‘డి’ కొట్టిన్రు. దిద్దంగనే విండోస్ వచ్చింది.

“ఒక్క అక్షరానికి గింత లొల్లా!” సారు నవ్విండు.

సంచిలకెళ్లి మా నాయన భూమి పాసుపుస్తకం తీసి ముందల పెట్టిన.

“లాలు అని ఉండాల్సిన కాడ కాలు అని కొట్టిన్రు సార్. నాలుగేండ్ల సంది తిరుగుతున్నం.”

“మీ నాయన్ను తీస్కరా. వేలిముద్ర వెయ్యాలె.”

నాయన డెత్ సర్టిఫికెట్ గూడ పెట్టిన. అందుల పేరు సక్కగనే ఉంది.

సారు రెండూ పక్కపక్కన పెట్టి చూసిండు.

“చచ్చిపోయింది లాలు. భూమి కాలుది. కాలు చచ్చిపోయినట్టు కాయితం తే, అప్పుడు చూద్దాం.”