గూడ్సు షెడ్డు వరుస

"నాకేం తొందర లేదప్పా. నువ్వు తోలుకో ముందుకు" అని ఓబన్న తన బండిని పక్కకు లాగాడు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో, హిందూపురం గూడ్సు షెడ్డు రోడ్డు మీద అలా పక్కకు తప్పుకునే మనిషి ఇంకొకడు లేడు. వందకు పైగా ఎద్దుల బండ్లు. చింతపండు, వేరుశనగ, బెల్లం. అన్నీ రైలెక్కి మద్రాసు హార్బరుకు పోవలసినవే. వ్యాగన్లు మాత్రం రావు. మూడేసి రోజులు ఆ ఎండలోనే పడిగాపులు. ముందు బండి గజం కదిలితే చాలు, ఆ సందు కోసం వెనకవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు.

రొళ్ల ఊరి ఈశ్వరప్ప తన బండిని ముందుకు తోలుకుని, మళ్లీ నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"నిన్న గోరంట్ల బండోనికి దారిచ్చినావు. ఈపొద్దు నాకు. మరి నీ సరుకు ఎప్పుడు పోవల్ల ఓబన్నా?"

"పోతాదిలే. నీకు ఇంటికాడ బిడ్డలు కాచుకోని ఉంటారు."

"నీయట్లాటోడు బతికేది కష్టమబ్బా" అంటూనే ఈశ్వరప్ప మూట విప్పి, రాగిరొట్టె తుంచి సగం అతని చేతిలో పెట్టాడు.

బండి నీడన కూర్చుని తిన్నారు. పక్క బండ్లవాళ్లూ వచ్చి చేరారు. ఒకడు ఎద్దుల సంత ముచ్చట్లు చెప్పాడు. ఇంకొకడు వాళ్ల అత్త నోటి దురుసు గురించి చెప్పాడు. ఓబన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

పెనుకొండ అవతలి పల్లెలో, అతని ఇంట్లో, నవ్వడానికి తోడెవరూ లేరు. రెండేళ్ల కిందట భార్య ఉలిగమ్మ పోయింది. పిల్లలు లేరు. పొద్దున లేచి ఎద్దులను పలకరిస్తే అవి మేత వైపు చూసేవి. మనిషి గొంతు వినకుండా వరసగా నాలుగు రోజులు గడిచిపోయేవి. అన్నం తినడం కూడా అతనికి బరువైపోయింది.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. అందరూ అతన్ని దాటుకునే పోయేవాళ్లు. మూడోనాటికి ఓబన్న, "ధర్మవరంలో వ్యాగను దొరికిందంటప్పా, ఆడికి తోలమన్నారు" అని బండి తిప్పేవాడు. "పాపం, అమాయకుడు" అని వీళ్లు జాలిపడేవాళ్లు. వారం తిరిగేసరికి అతను మళ్లీ వరుస చివర్లో కనిపించేవాడు.

ఒక పొద్దున ఈశ్వరప్ప మండీ నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"మన కష్టం తీరిందిరా నాయనా! ఆడ మద్రాసులో హార్బరు రోడ్డంతా లారీలూ బండ్లూ ఇరుక్కోని, సరుకు దించేది లేక వ్యాగన్లన్నీ ఆడనే నిలబడిపోయినాయంట. ఇప్పుడు ఆ రోడ్డే వద్దని కాలవలో పడవలు పెట్టినారు. వ్యాగన్లోంచి పడవలోకి, పడవ నేరుగా రేవుకాడికి!"

"నీళ్ల మీద బస్తాలా?" అని నోరు తెరిచాడొకడు. పెన్నలో ఏడాదికి నాలుగు రోజులు నీళ్లు పారితే టెంకాయ కొట్టే మనుషులు వాళ్లు. పడవ ఎంత ఉంటుందో చేతులు చాచి కొలుచుకున్నారు.

ఓబన్న మాత్రం ఆరాలు మొదలుపెట్టాడు.

"ఎండాకాలం ఆ కాలవ ఎండిపోదా?"

"సముద్రం నీళ్లంట. ఎండదు."

"పడవ మునిగితే?"

"మునిగితే ఇంకోటి తెస్తారు. ఏమప్పా, మునగల్లని మొక్కుకుంటాండావా ఏంది?"

అందరూ గొల్లుమన్నారు. ఓబన్న నవ్వలేదు. సరుకు తడుస్తుందని అతని బెంగ కాబోలు అనుకున్నారు.

పది రోజులకల్లా వ్యాగన్లు తోసుకుంటూ వచ్చాయి. పొద్దున వచ్చిన బండి మధ్యాహ్నానికే తిరుగుముఖం పట్టింది. వంద బండ్ల వరుస ముప్పై అయింది. తర్వాత ఐదయింది. ఈశ్వరప్ప సరుకు దించి, పోతూ పోతూ చెయ్యి ఊపాడు. బండి ఆపలేదు. రొట్టె మూట విప్పే తీరిక ఇప్పుడెవరికీ లేదు.

ఆ సోమవారం ఓబన్న వచ్చేసరికి రోడ్డు మీద ఒక్క బండీ లేదు. బండ్లవాళ్లకు సంగటి అమ్మే మారక్క కుండలు సర్దుకుంటోంది.

"ఇంగ ఈడ తినేవాళ్లెవరప్పా? బస్టాండుకాడ పెట్టుకుంటా. నీకేమిలే, నేరుగా లోపలికి తోలుకో."

"వెనక ఎవరన్నా వస్తారేమోక్కా."

"ఎవరూ రారు."

ఆ మాట ఓబన్నకు చురుక్కున తగిలింది. మారక్క వెళ్లిపోయింది. అతను మాత్రం బండిని కదిలించలేదు. ఖాళీ రోడ్డు మీద, ఎప్పుడూ నిలబడే చోటే, మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

షెడ్డులోంచి హమాలీ వెంకటేశులు చూశాడు. అతనికి ఓబన్నంటే అభిమానం. ఊరందరికీ దారిచ్చిన మనిషి సరుకు ఇవాళ తన చేత్తో ఎక్కించాలనిపించింది.

"దా ఓబన్నా! వ్యాగను తలుపు తెరిచి పెట్టినా. ఈపొద్దు నీదే."

"ఇప్పుడొద్దులేప్పా. రేపు చూద్దాం."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. జరుగు."

ఓబన్న బస్తాలు కట్టిన తాడు గట్టిగా పట్టుకున్నాడు. వెంకటేశులు నవ్వుతూ అతని వేళ్లు విడదీశాడు. ముడి విప్పి, బస్తా బరువుకు నడుం బిగించి, పైనున్న గోతాన్ని ఒక్క గుంజు గుంజాడు.

అది అతని తల మీదుగా ఎగిరి అవతల పడి పిగిలింది.

"ఏందప్పా ఇది?" అన్నాడు వెంకటేశులు.

ఆ గోతంలోనే కాదు, ఈ రెండేళ్లలో ఓబన్న వరుసలో నిలబెట్టిన ఏ గోతంలోనూ వేరుశనగ పొట్టు తప్ప మరేమీ లేదు.