అడ్డుపుల్ల

1968 మార్చి 14, గురువారం, పగలు మూడు గంటలు. పాతపట్నం, ధాన్యం మిల్లు ఆవరణ. హాజరైనవారు: జముకుల కథకుడు కూర్మయ్య, వయస్సు డెబ్భై, జముకు వాయించే దాలయ్య, మిల్లు యజమాని జగన్నాధం, శ్రోతలు సుమారు రెండు వందలు. పరిశీలకుడు: విశ్వవిద్యాలయం తరఫున గణపతిరావు.

నోటుపుస్తకంలో ఇంతవరకు రాసి గణపతిరావు కలం ఎత్తేసరికి, ముందు వరుసలో గోనెసంచి మీద కూర్చున్న ఒక ముసలామె కథకు అడ్డం తగిలింది.

"ఏటి మావా, పల్లకీ ఏటి ఒడ్డుకి సేరిందన్నావు, బాగున్నాది. ఏరు పొంగి ఉన్నాది కదా, పడవోడేడీ?"

జనం నవ్వారు. కూర్మయ్య గజ్జెల అడుగు ఆపి ఆమెవైపు తిరిగాడు.

"వస్తన్నాడే. నీలాగే కంచం ముందర కూకున్నాడు. సెయ్యి కడుక్కోవద్దా?"

నవ్వులు రెట్టింపయ్యాయి. దాలయ్య జముకు తీగ మీటాడు. కూర్మయ్య గొంతెత్తి పడవవాడి రాకను పాడాడు: వాడి తలపాగా, వాడి తెడ్డు, అత్తవారింటికి వెళుతున్న మాణిక్యాన్ని చూసి వాడు దండం పెట్టిన తీరు. అది డెబ్భై ఏళ్ల గొంతంటే గణపతిరావుకు నమ్మకం కలగలేదు.

ఆ ముసలామె ఎవరని పక్కనున్న జగన్నాధాన్ని అడిగాడు. కూర్మయ్య భార్య అసిరమ్మ అనీ, ఇంట్లోనూ వాళ్లది ఇదే వరస అనీ ఆయన చెప్పాడు. అడిగినవారికి జవాబివ్వకుండా కథను ముందుకు నడపకూడదన్నది ఆ మేళం కట్టుబాటట. ఇదివరకు జనంలో ఎవరికి తోచింది వారు అడిగేవారు. ఈమధ్య అసిరమ్మ ఎవరికీ సందివ్వడం లేదు.

ఆ ఏడాది ఒక్క కథను మాత్రమే టేపు మీదికి ఎక్కించడానికి విశ్వవిద్యాలయం అనుమతించింది. గణపతిరావు అప్పటికే బొబ్బిలిలో మరొక కథకుణ్ణి విని వచ్చాడు. అయితే ఆయన చెప్పిన కథ ఇదివరకే అచ్చయింది. మాణిక్యం పేరంటాలు కథ మాత్రం ఏ కాగితం మీదా లేదు. కూర్మయ్యకు శిష్యులు లేరు. దాలయ్యకు జముకు మీటడం, చరణం చివర వంత కలపడం తప్ప కథతో పని లేదు. అందుకే గజ్జెలు కట్టే ముందు ముసలాయన చేతులు జోడించి ఒకే ఒక మాట అన్నాడు.

"మేం పోతే మాణిక్యం మాతోనే పోతాది బాబూ. ఆ పిల్లని మీ పెట్లో దాసండి."

కథ సాగుతోంది. అసిరమ్మ అడ్డంకులూ సాగుతున్నాయి. గంటలో పదకొండుసార్లని గణపతిరావు లెక్క పెట్టుకున్నాడు.

"అన్నదమ్ములు ఏడుగురన్నావు. ఆరుగుర్నే పడవెక్కించినావు. సిన్నోడు ఒడ్డునే ఉండిపోనాడేటి?"

"ఉండిపోనాడే. సెల్లి కాలి అందె ఇసకలో జారిపోనాది, ఎతుకుతన్నాడు. నువ్వెళ్లి సాయం పట్టు."

జనానికి ఇదంతా వేడుకగానే ఉంది. గణపతిరావుకు మాత్రం మనసులో టేపు తిరుగుతోంది. ఇన్ని అడ్డంకులతో రికార్డు చేస్తే రేపు అది ఎవరికి పనికివస్తుంది? ఆమెను కాసేపు తప్పించమని జగన్నాధం చెవిలో చెప్పాడు. మజ్జిగ తాగుదువుగాని రమ్మంటూ జగన్నాధం ఆమెను మిల్లు గదిలోకి తీసుకువెళ్లాడు.

కూర్మయ్య అప్పుడు "మహేంద్రతనయ ఏటి నడుమ పడవ ఆగిపోయింది" అన్న చరణంలో ఉన్నాడు. దానిని ఒకసారి పాడాడు. స్వరం మార్చి మరోసారి పాడాడు. మూడోసారి నెమ్మదిగా, ఏడుపు గొంతుతో పాడాడు. ఆ తరువాత కథ వదిలి జనంలోకి నడిచాడు. చేపలమ్మే దేముడమ్మ దగ్గర ఆగి, తట్ట ఖాళీ అయిందా లేక కథ విని చేపలే లేచిపోయాయా అని అడిగాడు. గజ్జెలతో రెండు చుట్లు తిరిగి మిల్లు గుమ్మంవైపు చూశాడు.

"మా ఆడది లేకండా పడవ కదలదు. ఎవరైనా దాన్ని పిలండ్రా."

ఆవరణ హోరెత్తింది. గణపతిరావు పుస్తకంలో రాసుకున్నాడు: "ఒకే చరణాన్ని మూడు విధాల విస్తరించే నేర్పు. శ్రోతలతో చనువు అసాధారణం."

అసిరమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి గోనెసంచి మీద కూలబడింది.

"ఇంకా ఏటి నడుమే ఉన్నాదేటి? పడవకి కన్నం పడ్డాది కదా, ఆ సంగతి సెప్పవేటి మావా?"

దాలయ్య తీగ మోగింది. కన్నంలోంచి నీరు చిమ్మింది. మాణిక్యం తన పసుపు చీర చించి ఆ కన్నంలో కుక్కింది. పొద్దు వాలేవేళకు ఆమె పడవలోని అన్నలందరినీ ఒడ్డుకు చేర్చి తాను ఏటిలో కలిసి, ఊరు కొలిచే పేరంటాలయింది. దేముడమ్మ కళ్లు ఒత్తుకుంది.

గణపతిరావు ఒప్పందపత్రం తీసి అక్కడే పూర్తి చేశాడు. ఎంపికైన కథ, మాణిక్యం పేరంటాలు. రికార్డింగు విశాఖపట్నంలో, ఏప్రిల్ 8న. కథకుడితో జముకు వాయించేవాడు మాత్రమే రావాలి. చివరి షరతును ఆయన పైకి చదివాడు: "కథకు పదే పదే అడ్డు తగిలే భార్యను గదిలోకి అనుమతించరాదు."

అసిరమ్మ గోనెసంచి మీద నుంచి లేచి కూర్మయ్య పక్కకు వచ్చి నిలబడింది.

"ఓ మూల కూకుంటాది బాబూ," అన్నాడు కూర్మయ్య.

"చీమ చిటుక్కుమన్నా ఆ టేపులో పడుతుంది, కూర్మయ్యగారూ. మీ మేలు కోరే రాశాను. అక్కడ మీ కథకు ఎవరి బెడదా ఉండదు."

కూర్మయ్య భార్యవైపు చూశాడు. ఆమె అతని చేయి పట్టుకుని బొటనవేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించింది. గణపతిరావు దాని కింద సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో భద్రపరిచాడు.

రెండేళ్లుగా ఆ కథ గుర్తున్నది అసిరమ్మకొక్కతెకే.